షోకేసులో పుట్టగొడుగు

(చెన్నైలో తెలుగువారి నెలవారీ సభలో ఒక రిటైర్డ్ జువాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఆహ్వానంలో 'పగడాలు' అని వేశారు. అది చూసి నిన్న ఇద్దరు ఫోన్ చేశారు. కుజదోషానికి ఎన్ని రత్తుల పగడం పెట్టుకోవాలో అది కూడా చెప్తారా అని. (నవ్వులు) ముందే చెప్పేస్తున్నాను, ఆ పగడం వేరు, ఈ పగడం వేరు. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం మన సముద్రాల్లోది కాదు. తరతరాలుగా అది మధ్యధరా సముద్రం నుంచే వచ్చింది. మన మన్నడిలో పవళక్కార వీధి ఉంది కదా, బోర్డు మీద ఇంగ్లీషులో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని ఉంటుంది. 17, 18 శతాబ్దాల్లో పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు ఎర్ర పగడాలు ఓడల్లో మద్రాసు తెచ్చి, బదులుగా వజ్రాలు తీసుకెళ్లేవారు. గోల్కొండ వజ్రాలు అని పేరేగాని తవ్వింది కృష్ణ ఒడ్డున, కొల్లూరు లాంటి చోట్ల. అంటే అక్కడి సముద్రంలో పుట్టింది మన మెడలోకి, మన నేలలో పుట్టింది వాళ్ల కిరీటాల్లోకి. ఆ వీధిలో ఇప్పుడు పగడమూ లేదు, వజ్రమూ లేదు. స్కూటర్ పెట్టుకోవడానికి చోటు కూడా లేదు.

నేను చెప్పబోయేది ఎవరూ ఉంగరంలో పొదగని పగడం గురించి. తెలుగులో దానికంటూ వాడుకలో ఒక పేరు నేను వినలేదు. శాస్త్రంలో ఫంజియా అంటారు. లాటిన్‌లో ఫంగస్ అంటే పుట్టగొడుగు. కాబట్టి ఈ పూటకి పుట్టగొడుగు పగడం అనుకుందాం.

నాకు దానితో పరిచయం సముద్రంలో కాదు, మా ఇంటి షోకేసులో. మా మేనమామ పోర్ట్ బ్లెయిర్‌లో కాంట్రాక్టు పనులు చేసేవాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు. ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చేవాడు. ఒకసారి లుంగీలో చుట్టి ఒక తెల్లటి రాయి తెచ్చాడు. జానెడు వెడల్పు, గుండ్రంగా, చదునుగా. ఒకవైపు నడిమి నుంచి అంచుదాకా సన్నటి పలకలు, అచ్చం పుట్టగొడుగు అడుగున ఉండే పొరల్లాగే. "సముద్రంలో పుట్టగొడుగు రాయైపోయింది" అన్నాడు. మేం నమ్మాం. మా అమ్మ దాన్ని ఏటా బొమ్మల కొలువులో పెట్టేది. పొరలు కిందికి ఉండేట్టు తిప్పి, కింద ఒక పుల్ల నిలబెట్టి, కృష్ణుడి చేతిలో గోవర్ధనగిరి అనేది.

తర్వాత బీఎస్సీ జువాలజీ ప్రాక్టికల్స్. ఇక్కడ జువాలజీ చదివినవాళ్లుంటే స్పాటర్లు గుర్తుండాలి. బల్ల మీద వరసగా సీసాలు, ఎముకలు పెడతారు, ఒక్కోదాని దగ్గర రెండు నిమిషాలు, పేరు రాసి బొమ్మ గీయాలి. మూడో స్పాటర్ దగ్గర నిలబడి చూస్తే మా అమ్మ గోవర్ధనగిరి! పైగా పొరలు పైకి ఉండేలా పెట్టారు. డెమాన్‌స్ట్రేటర్ పొరపాటున తిరగేసి పెట్టాడనుకుని నేను సరిచేశాను. (నవ్వులు) మార్కులు పోయాయి. సముద్రంలో అది పొరలు పైకే పెట్టుకుని కూర్చుంటుంది. పుట్టగొడుగుకి సరిగ్గా తలకిందులు. పేరు పెట్టినవాళ్లు ఆ సంగతి పట్టించుకోలేదు, మా అమ్మా పట్టించుకోలేదు.

పగడం అనగానే మనకి గుర్తొచ్చేది కొమ్మలు కొమ్మలుగా ఉండేది, లేదా బండలా, మెదడులా ఉండేది. అవన్నీ అపార్టుమెంట్లు. వేల జీవులు, ఒక్కొక్కటి గోరంత కూడా ఉండదు. ఒకదాని గోడ ఇంకోదానికి గోడ, తిన్నది పక్కదానికి పంచడం, అన్నీ కామన్. పుట్టగొడుగు పగడంలో అలా కాదు. ఆ జానెడు బిళ్ల అంతా ఒకే ఒక్క జంతువు. నడుమ ఒకే నోరు, సన్నటి గాటులాగా. మడిపాక్కంలో ఇప్పుడు దొరకని ఇండివిడ్యువల్ హౌస్ అన్నమాట. మనం రాయి అనుకునేది దాని ఎముక. ఆ ఎముక మీద, పలకల సందుల్లో, పల్చటి మాంసం పరుచుకుని ఉంటుంది. గోధుమ రంగు, ఒక్కోసారి ఆకుపచ్చ, ఊదా.

ఇది జంతువని ఒప్పుకోవడానికే యూరప్‌కి చాలాకాలం పట్టింది. 1720లలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎర్ర పగడాన్ని సముద్రపు నీళ్లలో పెట్టి చూశాడు. అందరూ పూలు అనుకుంటున్నవి పూలు కావు, జీవులు అన్నాడు. పారిస్ పెద్దలు కొట్టిపారేశారు. పాపం, ఆయన చెప్పిందే నిజమని తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు దీని పుట్టుక చూడండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఈత కొట్టే చిన్న లార్వా ఒక గట్టి చోటు చూసుకుని అతుక్కుంటుంది. చిన్న కాడలాగా లేస్తుంది. కాడ చివర వెడల్పై బిళ్ల అవుతుంది. అప్పుడు మాత్రం నిజంగానే పుట్టగొడుగులా ఉంటుంది. బిళ్ల కొన్ని సెంటీమీటర్లు పెరిగాక, కాడకీ బిళ్లకీ మధ్య ఉన్న సున్నాన్ని ఆ జీవే కరిగించుకుంటుంది. కత్తిరించినట్టు బిళ్ల విడిపోయి కింద పడుతుంది. అక్కడి నుంచి దానికి ఏ బంధమూ లేదు. మరి కాడ? చచ్చిపోదు. గోంగూర కోసినకొద్దీ చిగురు వేసినట్టు ఇంకో బిళ్ల వేస్తుంది, అదీ తెగిపడుతుంది, మళ్లీ ఇంకోటి. అడుగున నడిమధ్య ఆ తెగిన మచ్చ ఉంటుంది, మన బొడ్డులాగా. పెద్దదయ్యేకొద్దీ అది పూడిపోతుంది. మా ఇంట్లో దానికి మచ్చ వెతికాను, కనిపించలేదు. అంటే మామయ్య ఏరింది బాగా ముదిరినదాన్ని. ఇవి పెద్దవవుతున్నకొద్దీ పెరుగుదల మందగిస్తుంది, జానెడు కావాలంటే దశాబ్దాలు పడుతుంది. ఆ లెక్కన అది మా మామయ్య వయసుదో, ఇంకా పెద్దదో.

విడిపోయిన బిళ్ల చాలాసార్లు పగడపు దిబ్బ మీద, అంటే పగడాల ఎముకలు పేరుకుని లేచిన గట్టు మీద, నిలవదు. అలలు దొర్లించుకుపోయి ఇసకలో, ముక్కచెక్కల మధ్య పడేస్తాయి. మామూలు పగడానికి ఇసక అంటే చావే, మీద పడితే ఊపిరాడదు. ఇది మాత్రం ఇసకలో బతకడం నేర్చుకుంది. నూనెలో పూరీ పొంగినట్టు ఒంట్లోకి నీళ్లు నింపుకుని పొంగుతుంది, పొంగగానే మీది ఇసక జారిపోతుంది. ఒంటి మీద కంటికి కనిపించని నూగు ఉంటుంది, అది మిగిలిన రేణువుల్ని ఊడ్చేస్తుంది. పూడిపోతే బయటికొస్తుంది. బోర్లా పడితే, మరీ బరువైనది కాకపోతే, పొంగి పొంగి గంటల తరబడి తంటాలు పడి మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది.

అంతేకాదు, నడుస్తుంది కూడా. కాళ్లు లేవు. ఈ కుటుంబంలోనే సైక్లోసెరిస్ అని చిన్నది ఉంది. అది ఎలా కదులుతుందో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు కెమెరాలు పెట్టి చూసి 2025లో ప్రచురించారు. పొంగడం, అంచులు మెలితిప్పడం, చప్పబడటం. ఇలా విడతలు విడతలుగా జరుగుతుంది. నీలి రంగు వెలుతురు ఉన్నవైపు వెళ్తుంది. లోతు నీళ్లలో మిగిలే వెలుతురు నీలమే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా మెదడు లేని జీవి ఫలానావైపు పోదామని అనుకోవడమే. అనుకోవడం అనొచ్చో లేదో నాకు తెలీదు, మన మాటల్లో అంతకంటే వేరే మాట లేదు.

ఇంకో కుటుంబంలో ఇంకో ఒంటరి పగడం ఉంది, హెటిరోసామియా. బఠాణీ గింజకంటే కాస్త పెద్దది. అది తనే నడవదు, పల్లకీ ఎక్కుతుంది. దాని అడుగున ఒక పురుగు కాపురముంటుంది. పురుగుకి గట్టి ఇల్లు దొరికింది, పగడానికి బోయీ దొరికాడు. పురుగు తిండికోసం ఇసకలో తిరుగుతూ ఉంటే పైన పగడం ఊరేగుతుంది. ఇది ఎప్పటినుంచో తెలిసిందే. 2017లో జపాన్ వాళ్లు కొత్త సంగతి బయటపెట్టారు. కొన్నిటి అడుగున పురుగు లేదు, ఆ చోట్లో ఒక సన్యాసి పీత ఉంది. పాత బోయీ పోతే కొత్త బోయీ. పీతకీ లాభమే. మామూలుగా సన్యాసి పీత పెరిగినప్పుడల్లా పెద్ద గవ్వ వెతుక్కుని ఇల్లు మారాలి, అద్దె ఇళ్లవాళ్లలాగా. ఇక్కడ ఇల్లే దానితోపాటు పెరుగుతుంది.

తిండి సంగతి. దాని మాంసంలో సూక్ష్మమైన నాచు ఉంటుంది. పగలంతా ఎండతో వంట చేసి పెట్టేది ఆ నాచే. తిండిలో చాలాభాగం అక్కడిదే. అయినా నోరు ఊరుకోదు. ఎర్ర సముద్రంలో ఈలాత్ దగ్గర పుట్టగొడుగు పగడాలు జెల్లీఫిష్‌లని మింగుతుండగా చూసి 2009లో రాశారు. నోరు పెద్దది కాబట్టి సాధ్యమైంది.

ఆడా మగా సంగతి చెప్పాలి. పిల్లలు కూడా వచ్చారు, ఫర్వాలేదు, ఇది సైన్సే. జపాన్‌లో ఒకినావా దగ్గర లోయా అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త, సకాయ్ అనే జపాన్ శాస్త్రవేత్త కొన్ని పుట్టగొడుగు పగడాలకి గుర్తులు పెట్టి వరసగా ఏళ్లపాటు గమనించారు. 2008లో ప్రచురించారు. చిన్నవి మగవి, పెద్దయ్యాక ఆడవి. ఇంతవరకు చేపల్లోనూ ఉంది. కాని ఆ పగడాల్లో ఒక జాతి మళ్లీ వెనక్కి తిరిగి మగదయింది. అండాలు తయారుచేయడం ఖర్చైన పని, ఒంట్లో శక్తి లేని ఏడాది మగగా గడిపేయడం చవక. అదీ వాళ్ల వివరణ. (నవ్వులు) అలా నవ్వకండి, పక్కన ఆడవాళ్లున్నారు, ఒప్పుకుంటున్నారు చూడండి.

చావు కూడా దీనికి సగమే. పడమటి ఆస్ట్రేలియా తీరంలో బురద ముంచేసిన ఫంజియాల మీద గిల్మోర్ అనే ఆయన పనిచేశారు. పెద్ద బిళ్ల చచ్చిపోయి తెల్లటి ఎముక మిగిలింది అనుకుంటాం. ఆ ఎముక మీద ఎక్కడో చారెడు మాంసం మిగిలితే చాలు, అందులోంచి బుల్లి బుల్లి కాడలు లేస్తాయి. తల్లి ఎముకే పొలం. ఈ సంగతి చదివిన రోజు ఇంటికెళ్లి షోకేసు తీసి ఆ రాయిని చాలాసేపు చూశాను. మామయ్య దాన్ని ఇంటికి తెచ్చేముందు పోర్ట్ బ్లెయిర్‌లో రెండు వారాలు ఎండబెట్టాడట, వాసన పోవడానికి. వాసన వచ్చిందంటే అర్థమైంది కదా. ఒడ్డున దొరికిన ఎముక కాదది. బతికున్నప్పుడు తీసింది.

దీన్ని తీయడం ఎంత సులువో చూడండి. కొమ్మ పగడం కావాలంటే విరగ్గొట్టాలి, సుత్తి కావాలి, పక్కవాడు చూస్తాడు. ఇది ఇసక మీద పడి ఉంది. వంగి తీసుకుంటే చేతిలో ఉంది. దిబ్బకి ఏ దెబ్బా తగలదు, తీసిన ఆనవాలు కూడా ఉండదు. కాడ నుంచి విడిపోయి స్వేచ్ఛ తెచ్చుకుంది, ఆ స్వేచ్ఛ వల్లే జేబులో పడింది. చచ్చాక షోకేసుల్లోకి వెళ్తే, బతికుండగా అక్వేరియంలకి వెళ్తుంది. దీని చుట్టంలో హీలియోఫంజియా అని, పొడుగాటి టెంటకిల్స్, అంటే నోటి చుట్టూ ఉండే మెత్తటి వేళ్లలాంటివి, పగలు కూడా ఊపుతూ చాలా అందంగా ఉంటుంది. ఆ టెంటకిల్స్ మధ్య ఒక సన్నటి తెల్ల గొట్టం చేప దాక్కుని బతుకుతుంది. అక్వేరియం వాళ్లకి ఆ పగడమంటే మోజు. ఎగుమతిలో ముందున్నది ఇండోనేసియా. వన్యజీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో గట్టి పగడాలన్నీ ఉన్నాయి, అంటే పర్మిట్ లేకుండా దేశం దాటకూడదు. మన దేశంలో అదీ కుదరదు. 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. శిక్ష కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా. అండమాన్ వెళ్లేవాళ్లు బీచిలో ఏరుకున్నది సూట్‌కేసులో పెట్టుకుని, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే 'చచ్చిందే కదండీ' అంటారు. చచ్చిన పులి గోరు కూడా చచ్చిందే కదా.

మన చెన్నైలో ఎందుకు లేవు అని అడుగుతారు. పగడాలకి తేట నీరు, వెలుతురు, ఉప్పు కావాలి. కోస్తాంధ్ర పొడవునా గోదావరి, కృష్ణ, ఇటు పెన్న. బురదా మంచినీళ్లూ తెచ్చి పోస్తుంటే దిబ్బలు లేవడం కష్టం. మనకి దగ్గర్లో దిబ్బలు చూడాలంటే రామేశ్వరం వైపు, మన్నార్ సింధుశాఖకి వెళ్లాలి. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా 21 దీవులు, 1986 నుంచి నేషనల్ పార్కు. అక్కడ సున్నంకోసం ఏళ్ల తరబడి పగడాలు తవ్వారు. రెండు దీవులు, విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి, నీటి కిందికే వెళ్లిపోయాయి. తవ్వకం ఒక పెద్ద కారణం. ఫంజియాలు చూడాలంటే మాత్రం అండమాన్, లక్షద్వీప్.

ఇప్పుడు అసలు పెద్ద భయం వేడి. వేసవి గరిష్ఠంకంటే నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం లోపలి నాచుని బయటికి గెంటేస్తుంది. రంగు పోయి తెల్లగా అవుతుంది, దాన్నే బ్లీచింగ్ అంటున్నారు. 1998, 2010, 2016లలో వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి వచ్చిందని 2024 ఏప్రిల్లో ప్రకటించారు. పుట్టగొడుగు పగడాల్లో ఒకే చోట పక్కపక్కన ఉన్నవాటిలో కొన్ని జాతులు తెల్లబడతాయి, కొన్ని చలించవు. ఈ తేడా ఎందుకో తేల్చడం మీద చాలా ఆధారపడి ఉంది. మొత్తం మీద ఇవి కొమ్మ పగడాలకంటే మొండివి. అందుకనే వీటిని ఎవరూ పట్టించుకోరు, అది నా ఫిర్యాదు. నిధులన్నీ దిబ్బ కట్టే కొమ్మ పగడాలకి. ముక్కలు విరిచి, ఫ్రేములకి కట్టి, నాటి, ఫొటో దిగుతారు. ఫంజియాని నాటలేరు కదా, అది నడిచి వెళ్లిపోతుంది.

ఒక్కచోట మాత్రం దీనికి గౌరవం దక్కింది. హవాయిలో కనియోహె అఖాతంలో ఒక పుట్టగొడుగు పగడం ఉంది. వేసవిలో పౌర్ణమి దాటిన రెండు మూడు రోజులకి, సాయంత్రం వేళ, వీర్యం, అండాలు వదులుతుంది. బిళ్ల చేతిలో పట్టే జంతువు, ఒక్కోటి ఆడో మగో విడిగా ఉంటుంది, గిన్నెలో పెట్టి సేకరించవచ్చు. మేరీ హేగడార్న్ అనే శాస్త్రవేత్త బృందం దాని వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, కరిగించి, అండాలతో కలిపి పిండాలు పుట్టించింది. 2012లో ఆ వివరాలు ప్రచురించారు. అండాన్ని గడ్డకట్టించడం ఇంకా కష్టంగానే ఉంది, అందులో కొవ్వు ఎక్కువ. ఆ పద్ధతి తర్వాత ఇతర పగడాలకీ వాడారు. అంటే కొమ్మ పగడాలకి విత్తనాల బ్యాంకు కట్టడానికి దారి చూపిన రెండు మూడు జాతుల్లో మన ఒంటరిదీ ఒకటి.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలో ఒక అబ్బాయి: మేడమ్, మరి మీ ఇంట్లో రాయి ఎక్కడుంది? తీసుకురాలేదేం?)

నువ్వు అడుగుతావనే అనుకున్నాను నాన్నా. తీసుకొస్తే సభ మధ్యలో నన్నే తీసుకెళ్లేవాళ్లు. (నవ్వులు) 2001లో షెడ్యూలులో చేర్చారని తెలిసినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. అమ్మ మాత్రం 'గోవర్ధనగిరి కేసు అవుతుందా?' అని నవ్వింది. చట్టం రాకముందు తెచ్చినదే అయినా, దగ్గర ఉంచుకుంటే అటవీ శాఖకి రాతపూర్వకంగా తెలియజేయాలి. రాశాను. తర్వాత వాళ్ల అనుమతితోనే నేను పనిచేసిన కాలేజీ మ్యూజియానికి ఇచ్చేశాను. ఇప్పుడక్కడ స్పాటర్ నంబరు పదకొండు. పొరలు పైకే పెట్టాను.

(ఒక పెద్దాయన: కొలువులో మరి ఏం పెడుతున్నారండీ?)

థర్మోకోల్ గోవర్ధనగిరి అండీ. మా మనవరాలు చేసింది. అదీ సముద్రానికి మంచిది కాదని మొన్న ఆ పిల్లే నాకు క్లాసు పీకింది.